తిరిగొచ్చే ఫార్వర్డ్

గోల్‌కీపర్ ఒక్కడే మిగిలాడు. మా తొమ్మిదో నంబరు ఆటగాడు చివరి డిఫెండర్‌ను కూడా భుజంతో రాసుకుంటూ దాటేశాడు. ఆట ముగియడానికి నిమిషమో, రెండు నిమిషాలో ఉంది. మేం ఒక గోల్ వెనకబడి ఉన్నాం. ఆ ఒక్క గోల్ పడితే కాలేజీ జట్టు మొదటి డివిజన్‌లో నిలుస్తుంది. లేదంటే వచ్చే సీజన్ కింది డివిజన్‌లో ఆడాలి. ఎదురుగా ఇసుక నేల, సున్నపు గీత, దిక్కుతోచక ముందుకు పరిగెత్తుకొస్తున్న గోల్‌కీపర్.

అతను కొట్టలేదు. బంతిని కుడివైపుకు మెల్లగా తోసి, వెనక్కి తిరిగి, మధ్య గీతకేసి పరుగందుకున్నాడు.

ఆ బంతి కోసం కుడివైపు నుంచి దూసుకు రావలసిన వింగ్ ఆటగాడు రాలేదు. గోల్ పడినట్టే అనుకుని, బాక్స్ అంచున చేతులు సగం పైకెత్తి నిలబడిపోయాడు. బంతి ఎవరి కాలికీ తగలకుండా దొర్లుకుంటూ వెళ్ళి, ఖాళీ గోల్ పక్కనుంచి గీత దాటింది. కాసేపటికి రిఫరీ విజిల్ వేశాడు. అవతలి జట్టువాళ్ళు ముందు నవ్వారు, ఆ తర్వాత సంబరం చేసుకున్నారు.

కాలేజీ డీన్ కుర్చీలోంచి లేచి, తెల్లటి పొడుగు అంగీకి, దిష్‌దాషాకు, అంటిన దుమ్ము దులుపుకుని, ఎవరితోనూ మాట్లాడకుండా కారెక్కి వెళ్ళిపోయాడు.

మా తొమ్మిదో నంబరు మైదానం బయట ఒక రాయి మీద కూర్చుని మేజోళ్ళు విప్పుకుంటున్నాడు. కోచ్, నేను అతని దగ్గరికి వెళ్ళాం. ఉండబట్టలేక నేనే అన్నాను.

"కొట్టాల్సింది కదా."

"దమ్ము ఒడిసింది పేపర్ సార్," అన్నాడతను తల ఎత్తకుండా. "దమ్ము ఒడిసినంక ఆడ ఎట్లుంట? మర్లిన."

వింగ్ ఆటగాడు కూడా వచ్చి నిలబడ్డాడు. ఇబ్రా ఊరి ఒమానీ విద్యార్థి. వాళ్ళ నాన్న దుకాణంలో మనవాళ్ళూ, బంగ్లాదేశ్‌వాళ్ళూ పనిచేసేవారు కాబట్టి హిందీ వచ్చు. "సదీఖ్, మై సోచా తుమ్ మారేగా," అన్నాడు. నేస్తం, నువ్వు కొడతావనుకున్నానని.

"పూరా సీజన్ మే మై కభీ మారా?"

వింగ్ ఆటగాడు కొంచెంసేపు ఆలోచించి, లేదని తల ఊపాడు. అది నిజం. సీజన్ మొత్తం మీద మా ఫార్వర్డ్ ఒక్కసారి కూడా గోల్‌కేసి బంతిని కొట్టలేదు. అతనితోనే మేం మొదటి డివిజన్‌లో అంతదూరం వచ్చాం. ఈ రెండు మాటలూ పక్కపక్కన రాస్తే నమ్మేవాళ్ళు తక్కువ. అప్పుడూ తక్కువే.

రెండువేల దశకం చివరి ఏళ్ళవి. నేను మస్కట్‌లో ఒక ఇంగ్లిష్ దినపత్రిక డెస్క్‌లో పనిచేసేవాణ్ణి. అంతకుముందు ఇక్కడ తెలుగు పత్రికల్లో చాలాకాలం చేశాను. ఆటల పేజీలో అడుగున మిగిలే జాగాలో స్కూళ్ళ, కాలేజీల పోటీల ఫలితాలు వేసేవాళ్ళం. వాటికోసం ఎండలో నిలబడే ఓపిక మిగతావాళ్ళకు లేకపోవడంతో ఆ పని నాకు వచ్చింది. నాకూ ఇష్టమే. పెద్ద ఆటల గురించి ఎవరైనా రాస్తారు.

హమ్రియాలో నేను ఉన్న భవనంలోనే పై అంతస్తులో కోనసీమ నుంచి వచ్చిన ఒక లెక్చరర్ ఉండేవాడు. ఒక ప్రైవేటు కాలేజీలో ఇంజనీరింగ్ డ్రాయింగ్ చెప్పేవాడు. చదువుకునే రోజుల్లో కాస్త ఫుట్‌బాల్ ఆడానని ఎప్పుడో నోరు జారడంతో ఆ కాలేజీ జట్టును ఆయనకు అంటగట్టారు. ఆయన దాన్ని శిక్షగా తీసుకోలేదు. గోడమీద తెల్ల డ్రాయింగ్ షీటు అంటించి, దానిమీద పెన్సిల్‌తో బాణాలు గీసి, చెరిపి, మళ్ళీ గీసేవాడు. సాయంత్రం టీకి పిలిచి నాకు చూపించేవాడు. ఆ బాణాలు అర్థం కావడానికి నాకు కొన్ని వారాలు పట్టింది.

జట్టులో సగం మంది పగటి తరగతుల ఒమానీ విద్యార్థులు. మిగతా సగం సాయంత్రం డిప్లొమా తరగతులకు వచ్చే పనివాళ్ళు. పగలు డ్యూటీ చేసి, బస్సో టాక్సీయో పట్టుకుని వచ్చి ఏసీ రిపేరూ, డ్రాఫ్టింగూ నేర్చుకునేవాళ్ళు. తొమ్మిదో నంబరు వాళ్ళలో ఒకడు. జగిత్యాల దగ్గరి పల్లె. రుసైల్‌లో ప్లాస్టిక్ పైపులు చేసే ఫ్యాక్టరీలో మెషీన్ ఆపరేటర్. ఇరవై అయిదేళ్ళుంటాయి. సన్నగా, నల్లగా, మోకాళ్ళ మీద పాత గాయాల మచ్చలతో ఉండేవాడు. ఆ మచ్చలు ఫుట్‌బాల్‌వి కావు, కబడ్డీవి. మండలం జట్టులో కూతకు వెళ్ళేది అతనే. గల్ఫ్‌కు వచ్చాక లేబర్ క్యాంపులో కబడ్డీ ఆడేవాళ్ళు దొరకలేదు. శుక్రవారాలు మలయాళీలు ఫుట్‌బాల్ ఆడేవారు. పదకొండో మనిషి తక్కువైనప్పుడల్లా ఇతన్ని పిలిచేవారు. అలా నేర్చుకున్నాడు.

జట్టు ఎంపిక రోజున నేనూ మైదానం దగ్గరే ఉన్నాను. బంతి అతని కాలికి వచ్చింది. ఒకణ్ణి తప్పించాడు, ఇంకొకణ్ణి తప్పించాడు. పెదవులు కదులుతున్నాయి. ముందున్న డిఫెండర్ మోచేతిని వేలి కొసలతో తాకాడు. తాకి, బంతితో సహా గిర్రున తిరిగి, వచ్చినంత వేగంగా మధ్య గీత దాటి తన వైపుకు వచ్చేశాడు. వచ్చి, గీత మీద కాలు ఆనించి, అప్పుడు గట్టిగా ఊపిరి వదిలాడు.

మైదానం అంతా పగలబడి నవ్వింది. నేనూ నవ్వాను. కూత ఆగకుండా వెళ్ళడం, అవతలివాణ్ణి తాకడం, ఊపిరి తెగేలోపు గీత తాకడం అతని కాళ్ళకు తెలిసిన ఆట. కాళ్ళు ఆ ఆటే ఆడాయి.

కోచ్ నవ్వలేదు. నా మోచెయ్యి పట్టుకుని, "అతన్ని కాదండీ, ఆళ్ళని చూడండి," అన్నాడు.

చూశాను. అవతలి నలుగురు డిఫెండర్లూ అతని వెనకే పరిగెత్తుకుంటూ మధ్య గీత దాకా వచ్చేశారు. బంతి తీసుకుని వెనక్కి పారిపోతున్నవాణ్ణి చూస్తే ఎవరి కాలూ ఆగదు. వాళ్ళ వెనక, గోల్ ముందు, ఒక కబడ్డీ కోర్టు పట్టేంత ఖాళీ ఉంది. అందులో ఎవరూ లేరు.

"చూసేరా?" అన్నాడు కోచ్.

"చూశాను."

"ఆయ్. ఇంక మనకి వేరే ప్లానెందుకండీ."

ఆ రాత్రి గోడమీద షీటు మార్చాడు. కొత్త షీటులో తొమ్మిదో నంబరు బాణం ముందుకు వెళ్ళి వెనక్కి వంగింది. అతను తిరుగుతూ తోసి వదిలే బంతి కోసం దాని రెండు పక్కల నుంచి రెండు బాణాలు ఆ ఖాళీలోకి వెళ్ళాయి. చూడ్డానికి సులువు. ఆడటం సులువు కాదు. పక్కనున్నవాడు ముందే పరిగెత్తితే ఆఫ్‌సైడ్. ఆలస్యమైతే బంతి గోల్‌కీపర్‌ది. సరిగ్గా ఫార్వర్డ్ తిరిగే క్షణంలో బయలుదేరాలి. అతను ఎప్పుడు తిరుగుతాడు? దమ్ము అయిపోయినప్పుడు. అందుకని వింగ్ ఆటగాళ్ళు అతని దమ్ము ఎంతసేపు ఉంటుందో నేర్చుకోవలసి వచ్చింది. ఇబ్రా విద్యార్థి దాన్ని అందరికంటే బాగా పట్టాడు. ప్రాక్టీసులో అతనూ ఊపిరి బిగబట్టి, తన ఊపిరి అయిపోబోతుండగా పరుగు మొదలుపెట్టేవాడు. "కూత" అన్న మాట నేర్చుకుని, మైదానంలో అవతలి చివర నుంచి అరిచేవాడు. ఇబ్రా వాళ్ళ నోట ఆ మాట వింటుంటే నాకు ప్రతిసారీ నవ్వొచ్చేది.

మొదటి మ్యాచ్‌లలో అవతలి జట్లకు ఏం జరుగుతోందో తెలియలేదు. ఒకసారి ఒక డిఫెండర్ వెళ్ళి, ఈ తొమ్మిదో నంబరు పరిగెడుతూ మమ్మల్ని బూతులు తిడుతున్నాడని రిఫరీకి ఫిర్యాదు చేశాడు. రిఫరీ సూడాన్ మనిషి, పెద్దవాడు. ఆట ఆపి అడిగాడు. మా కోచ్ గీత దగ్గరికి వెళ్ళి, తిట్టడం లేదండీ, ఊపిరి లెక్క పెట్టుకుంటున్నాడని చెప్పాడు. రిఫరీ మా ఫార్వర్డ్‌ను ఎగాదిగా చూసి, "మెల్లగా లెక్కపెట్టుకో," అని ఆట మొదలుపెట్టించాడు.

గెలిచినన్నాళ్ళూ కాలేజీలో ఎవరూ ఏమీ అనలేదు. సీజన్ సగం దాటాక అవతలి జట్లు నేర్చుకున్నాయి. ఇతను తిరిగితే వెంటపడటం మానేశాయి. ఇద్దరు వస్తే ఇద్దరు వెనకే ఉండేవారు. మాకు డ్రాలు వచ్చాయి, తర్వాత ఓటములు వచ్చాయి. చివరి మ్యాచ్ నాటికి పరిస్థితి నేను మొదట్లో చెప్పినట్టు ఉంది.

ఆ మ్యాచ్ గురించి నేను రాసింది నాలుగు వాక్యాలు. ఎదురుగా గోల్ ఉండగా ఫార్వర్డ్ అవకాశాన్ని చేజార్చుకున్నాడని మూడో వాక్యంలో ఉంది. మర్నాడు పేపరు పట్టుకుని కోచ్ మా గదికి వచ్చాడు.

"చేజార్చుకున్నాడని రాసేరు."

"మరి ఏం రాయమంటారు?"

"తిరిగేడని రాయండి. చేజారడం వేరు, తిరగడం వేరు. గోల్‌కీపరు బయటికొచ్చేసేడు కదండీ? గోల్ ఖాళీగా ఉంది కదా? కుడిపక్కనోడు వచ్చుంటే కళ్ళు మూసుకుని కొట్టచ్చు. మనోడు తన పని చేసేడు. ఆ నిమిషాన ఆటని నమ్మినోడు ఆడొక్కడేనండీ."

"డిఫెండర్లంతా అతని వెనకే ఉన్నారు. ఇంకెవర్ని లాక్కురావడానికి తిరిగినట్టు?"

"గోల్‌కీపర్ని," అన్నాడు.

నేను ఒప్పుకోలేదు. ఇప్పటికీ పూర్తిగా ఒప్పుకోను. ఫుట్‌బాల్ చూసిన ఎవరైనా అక్కడ కొట్టమనే చెబుతారు. కానీ ఆయన ముఖం చూస్తే వాదించాలనిపించలేదు. ఓడిపోయినవాడి ముఖం కాదది. పేపరు మడిచి నా మంచం మీద పెట్టి, టీ కూడా తాగకుండా పైకి వెళ్ళిపోయాడు.

శనివారం డీన్ పిలిపించాడు. కోచ్ తనతో నన్ను కూడా రమ్మన్నాడు. డీన్ మత్రా వైపు పాత కుటుంబానికి చెందినవాడు, యాభై దాటినవాడు. కుర్రతనంలో గోల్‌కీపర్‌గా ఆడినవాడు. ఖర్జూరాలు, కహ్వా అనే అరబ్బు కాఫీ తెప్పించి, మేం తాగేదాకా ఆట మాట ఎత్తలేదు. తాగాక బల్ల మీద ఉన్న పేపరు తీసి నా మూడో వాక్యం మీద వేలు పెట్టాడు.

"మీ స్నేహితుడే రాశాడు," అన్నాడు కోచ్‌తో, ఇంగ్లిష్‌లో. "జనం మనల్ని చూసి నవ్వుతున్నారు. వచ్చే సీజన్ మనం మళ్ళీ పైకి రావాలి. పగటి తరగతుల్లో ఒక పొడుగు విద్యార్థి ఉన్నాడు. అతన్ని ముందు పెట్టండి. బంతి ఎత్తుగా వేయండి, తలతో కొడతాడు. అందరూ ఆడేది అలాగే."

"తొమ్మిదో నంబరు సంగతి?"

"పరుగు బాగుంది. ఉండనివ్వండి. వెనక, డిఫెన్స్‌లో ఆడనివ్వండి."

"నవ్వనివ్వండి సార్," అన్నాడు కోచ్. "నవ్వే డిఫెండర్ పరిగెత్తలేడు. కింది డివిజన్‌లోనూ ఇదే ఆడతాం, ఇతనితోనే, ముందే. వద్దంటే జట్టును ఇంకొకరికి ఇవ్వండి. నాకు డ్రాయింగు క్లాసులు చాలు."

డీన్ నా వైపు తిరిగాడు. "మీరు రాశారు కదా. మీరు చెప్పండి."

"నేను చూసింది రాశాను. వచ్చే సీజన్ గురించి అందులో ఏమీ లేదు," అన్నాను.

ఆయన కోప్పడలేదు. జట్టు పేర్లు ఇవ్వడానికి రంజాన్ దాకా సమయం ఉందని, అప్పటికి ఆలోచించి చెబుతానని అన్నాడు.

ఈ సంగతి తొమ్మిదో నంబరుకు చెప్పే పని నా మీద పడింది. రుసైల్ వెళ్ళే బస్సు కోసం అతను రువిలో ఎదురుచూస్తుంటే చెప్పాను. డిఫెన్స్‌లో ఆడమంటున్నారని.

"ఎనుక ఆడ," అన్నాడు వెంటనే.

"ఎందుకు? జట్టులో ఉంటావు కదా."

"సార్, పొద్దంత మెషీన్ కాడ నిలవడ్త. పైపు సీదా వస్తది. జెర వంకరొచ్చినా సూపర్‌వైజర్ పక్కన పడేస్తడు. డ్యూటీ ఒడిసినంక గూడ నేను సీదానే పోవాల్నా?"

"గోల్ కొట్టడం నేర్చుకోవచ్చు కదా, ఒకవేళ."

"నేర్సుకుంట. ఎవడొద్దన్నడు. గని ముందుగాల మర్లుత. నాకు మర్లుడొస్తది. అది రానోళ్ళు మస్తుమంది ఉన్నరు, ఆళ్ళు కొట్టనీ."

బస్సు వచ్చింది. ఎక్కి, కిటికీలోంచి తల బయటపెట్టి, "పేపర్ల మల్ల రాయకుండ్రి సార్, మా రూమోళ్ళు సదివించుకుంటున్నరు," అన్నాడు. ఆ రూమ్‌లో ఇంగ్లిష్ వచ్చినవాడు ఒక్కడే అట. అతను నా నాలుగు వాక్యాలనూ రోజూ వంటప్పుడు అనువాదం చేసి వినిపిస్తున్నాడట.

వేసవి వచ్చింది. మస్కట్ ఎండలో జూన్‌లో ఎవరూ బయట ఆడరు. మా కోచ్ మాత్రం శుక్రవారం తెల్లవారగానే, ఎండ ముదరకముందే, అజైబా సముద్రతీరానికి జట్టును రమ్మన్నాడు. బంతి తేలేదు. మడమతో తడి ఇసుకలో మధ్య గీత గీశాడు. తొమ్మిదో నంబరును ముందుకు పిలిచి, "ఏవయ్యా, నీ ఆట వీళ్ళకి నేర్పు," అన్నాడు.

ఆయన కొత్త ఆలోచన ఇది. అవతలివాళ్ళు ఒకడి దమ్ము కొలత నేర్చుకున్నారు. ముగ్గురు అలా వెళితే? ముగ్గురి దమ్మూ ఒకేలా ఉండదు. ఎవడు తిరుగుతాడో, ఎవడు కొడతాడో చూసేవాడికి తెలియదు. అందుకు ముగ్గురి కాళ్ళకూ కబడ్డీ రావాలి. నవ్వినందుకు ఆట మానుకోమంటే ఆయన ఆ ఆటనే మూడింతలు చేశాడు.

ఒమానీ విద్యార్థులు మొదట సిగ్గుపడ్డారు. పది నిమిషాల్లో సిగ్గు పోయింది. కూతకు వచ్చినవాణ్ణి నలుగురు కలిసి ఇసుకలో పడేసి, మీద కూర్చుని, "ఖలాస్, ఖలాస్" అని అరుస్తుంటే పడవల దగ్గర వలలు సర్దుకుంటున్న జాలర్లు పని వదిలేసి వచ్చి చూశారు. ఇబ్రా విద్యార్థి కూత వేగంగా పెట్టి మధ్యలో దొంగతనంగా ఊపిరి తీసుకునేవాడు. తొమ్మిదో నంబరు పట్టేసేవాడు.

"చోర్ హై ఏ," అనేవాడు అతని ముక్కు చూపించి. "నాక్ సే లేతా హై."

"తుమ్హారా నాక్ బడా హై, తుమ్ భీ లేతా హై," అనేవాడు ఇబ్రా విద్యార్థి, నీ ముక్కు పెద్దది, నువ్వూ తీసుకుంటావని.

మూడో శుక్రవారమో, నాలుగో శుక్రవారమో, డీన్ వచ్చాడు. ఎవరూ పిలవలేదు. శుక్రవారం పొద్దున అటువైపు నడకకు రావడం ఆయన అలవాటని తర్వాత తెలిసింది. దిష్‌దాషా అంచు తడవకుండా చేత్తో పట్టుకుని, చెప్పులు ఇంకో చేత్తో పట్టుకుని నిలబడి చాలాసేపు చూశాడు. కోచ్‌ను పిలిచి ఆట నియమాలు అడిగాడు. తాకినవాడు తిరిగి ఎందుకు రావాలని అడిగాడు.

"తిరిగి రాకపోతే పాయింటు లేదు సార్."

"నేను గోల్‌లో ఉన్నప్పుడు ఒక ఫార్వర్డ్ నా ముందుకొచ్చి తిరిగిపోతే, బతికిపోయాను, అల్‌హమ్‌దులిల్లాహ్ అనుకునేవాణ్ణి," అన్నాడు డీన్.

"అదే సార్. మీరు అలా అనుకుంటుండగానే పక్కవాడు కొట్టాలి."

డీన్ వెళ్ళి, చెప్పులు రెంటినీ ఇసుకలో దూరదూరంగా పెట్టి, దిష్‌దాషా మోకాళ్ళ దాకా ఎత్తి కట్టుకుని, వాటి మధ్య నిలబడ్డాడు. "యల్లా," అన్నాడు, కానివ్వండని. ఎవరో కారులోంచి బంతి తెచ్చారు.

తొమ్మిదో నంబరు బయలుదేరాడు. అడ్డొచ్చిన ఇద్దర్నీ దాటాడు. డీన్‌కు అతను తిరుగుతాడని తెలుసు, అక్కడున్న అందరికీ తెలుసు. అయినా బంతి దగ్గరకొచ్చేసరికి ఆయన కాళ్ళు ముందుకు కదిలాయి. ఇతను కుడివైపుకు తోసి తిరిగాడు. ఈసారి ఇబ్రా విద్యార్థి ఆగలేదు. బంతి చెప్పుల మధ్య నుంచి వెళ్ళి సముద్రంలో పడింది.

డీన్ తడి బంతి తిరిగి వచ్చేదాకా ఆగి, "మళ్ళీ," అన్నాడు.

రెండోసారి ఆయన కదలలేదు. చెప్పుల మధ్యే, మోకాళ్ళు వంచి, తొమ్మిదో నంబరును వదిలేసి పక్కవాణ్ణి చూస్తూ ఉన్నాడు. తొమ్మిదో నంబరు వచ్చాడు, దమ్ము అయిపోయింది, తిరిగాడు. ఇబ్రా విద్యార్థి కొట్టిన బంతిని డీన్ పక్కకు పడి రెండు చేతులతో ఆపాడు. ఆ వయసులో ఆయన అలా పడతాడని ఎవరూ అనుకోలేదు. లేచి గడ్డంలోని ఇసుక దులుపుకున్నాడు.

"చూశారా," అన్నాడు కోచ్‌తో. "ఒకసారి మోసపోతాను. రెండోసారి మోసపోను. మిగతా జట్లు కూడా అంతే."

"మీరు పక్కవాణ్ణి చూస్తూ గీత మీదే ఉండిపోయారు సార్. అప్పుడు మావాడు తిరక్కుండా తిన్నగా నడిచెళ్ళి పెట్టేయొచ్చు."

"వెళ్ళచ్చు. కానీ వెళ్ళడు కదా," అన్నాడు డీన్.

దానికి సమాధానం కోచ్ గోడమీది షీటులో లేదని నాకు తెలుసు. ఆ మాటలు ఇంగ్లిష్‌లో సాగాయి. తొమ్మిదో నంబరుకు మొత్తం అర్థమైందో లేదో తెలియదు గానీ, అర్థం కావలసింది అయింది. నడుం మీద చేతులు పెట్టుకుని రొప్పుతూ మధ్య గీత దగ్గర నిలబడ్డవాడు, బంతి కాలికిందికి తీసుకున్నాడు. డీన్ కళ్ళలోకి చూశాడు. మస్కట్ పాతవాళ్ళకు హిందీ బాగా వస్తుందని అతనికి తెలుసు.

"తీస్రీ బార్ ఆయియే సార్," అన్నాడు.

మూడోసారి రమ్మని. బతిమాలే గొంతు కాదు. ఇబ్రా విద్యార్థి తన చోటికి వెళ్ళి నిలబడ్డాడు. మిగతావాళ్ళు పక్కకు జరిగారు.

డీన్ అతన్ని చూశాడు, తర్వాత పైకొచ్చేసిన సూర్యుణ్ణి చూశాడు. ఇంటికి చుట్టాలు వస్తున్నారని, జుమ్మా నమాజుకు వెళ్ళాలని చెప్పి, చెప్పులు తీసుకుని ఇసుక దులిపి వేసుకున్నాడు. పది అడుగులు వేశాక ఆగి వెనక్కి తిరిగి చూశాడు. తొమ్మిదో నంబరు కాలికింద బంతితో అలాగే ఉన్నాడు. డీన్ నవ్వాడు. అది వెక్కిరింపు నవ్వు కాదని నేను ప్రమాణం చేసి చెప్పగలను. అంతకంటే ఏమిటో చెప్పలేను.

"మూడోసారి ఏం చేసేవాడివి?" అని నేను ఆ రోజే అడిగాను, అందరూ వెళ్ళిపోయాక.

"ఆయినొస్తె జూపెడుదు," అన్నాడు. "రాకముందుగాలనే జెప్తె ఏం మజా ఉంటది సార్?"

ఆగస్టులో నా కాంట్రాక్టు ముగిసింది. పత్రిక దాన్ని పొడిగించలేదు. రంజాన్ మొదలవుతుండగా నేను మస్కట్ నుంచి వచ్చేశాను. అప్పటికి కింది డివిజన్ మ్యాచ్‌ల పట్టిక వచ్చింది, మా మొదటి మ్యాచ్ పండుగ తర్వాతి గురువారం. తొమ్మిదో నంబరు చొక్కా ఉతికి, మడిచి, కోచ్ గదిలో డ్రాయింగ్ షీట్ల పక్కన ఉంది. పొడుగు విద్యార్థికి ఇవ్వాలా, దాని పాత మనిషికే ఇవ్వాలా అన్నది డీన్ ఇంకా చెప్పలేదు. కోచ్ అడగలేదు. అడిగితే కాదనే వీలు ఇచ్చినట్టవుతుందని అన్నాడు. ప్రతి శుక్రవారం ప్రాక్టీసు మాత్రం తొమ్మిదో నంబరు ముందుండే జరిగింది.

తర్వాత రెండుసార్లు కోచ్‌కు ఫోన్ చేశాను. ఆ నంబరు పనిచేయడం లేదని వచ్చింది. అక్కడ నంబర్లు మారుతూనే ఉంటాయి. పత్రికను ఇంటర్నెట్‌లో చూసేవాణ్ణి. కాలేజీల మ్యాచ్‌లకు ఎండలో నిలబడి రాసేది అక్కడ నేనొక్కణ్ణే. నేను వచ్చేశాక ఆ పేజీ అడుగున ఆ ఫలితాలు రావడం మానేశాయి.